కుళాయి కాని కుళాయి: ఏసీ రిమోట్ మీది 16

దుబాయి, షార్జాలలో జులై మధ్యాహ్నం ఇంటికి చేరినవారు ముందుగా చేసే పని ఏసీ రిమోట్‌ను 16కు దించటం. 24 దగ్గర ఉంచినా గది అంతే వేగంగా చల్లబడుతుందని తెలిసినవారు నవ్వుతారు. పాతరకం ఏసీ కంప్రెసర్‌కు తెలిసినవి రెండే స్థితులు: నడవటం, ఆగటం. ఆ అంకె ఎక్కడ ఆగాలో చెబుతుంది, ఎంత వేగంగా నడవాలో చెప్పదు.

విలెట్ కెంప్టన్ 1986 నాటి వ్యాసంలో, మిషిగన్ గృహస్థుల మాటలను బట్టి, ఈ విషయమై రెండు లౌకిక సిద్ధాంతాలను గుర్తించాడు. కొందరికి థర్మోస్టాట్ ఒక స్విచ్చి. మరికొందరికి కుళాయి, ఎక్కువ తిప్పితే ఎక్కువ వస్తుంది. రెండోది శాస్త్రరీత్యా తప్పయినా వాడకంలో కొంత పనికొచ్చేదేనని కూడా అతను వాదించాడు. 1988లో డొనాల్డ్ నార్మన్ ఈ తప్పును వాడుకరిపై కాక, లోపలి పనిని బయటికి చూపని రూపకల్పనపై మోపాడు.

ఎమిరేట్స్‌లో చిక్కు ఇంకా పెద్దది: ఒకే తీరు అంకెల వెనక మూడు యంత్రాలున్నాయి. ఇన్వర్టర్ ఏసీ, గది 24ను సమీపిస్తుంటే తానే నెమ్మదిస్తుంది. 16 పెడితే జోరు తగ్గించదు. అంటే కుళాయి సిద్ధాంతం ఇక్కడ సగం నిజం. డిస్ట్రిక్ట్ కూలింగ్ ఉన్న భవనాలలో గోడమీది పెట్టె చల్లటి నీటి గొట్టానికున్న కవాటాన్నే నడుపుతుంది. పైగా అక్కడి బిల్లులో వాడకంతో నిమిత్తం లేని సామర్థ్య రుసుము ఒకటి ఉంటుంది. అంకె మార్చినా అది తగ్గదు.

వేడి ప్రాంతాల ఏసీలను ఐఎస్‌ఓ ప్రమాణం బయట 46 డిగ్రీలున్నట్టు పరీక్షిస్తుంది. అటువంటి ఎండలో, పాత భవనంలో, గది 16కు చేరకపోవచ్చు. కనుక 16 అంటే ఆచరణలో ఉష్ణోగ్రత కాదు, 'ఆగకు' అన్న ఆజ్ఞ. వాడుకరికి కావలసింది 'కాసేపు ఆగకు' అనటం. చాలా రిమోట్లలో టర్బో మీట ఉంది కాని, దాని అర్థం చెప్పేవారు లేరు. 2020 జనవరి 1 నుంచి భారతదేశంలో స్టార్ రేటింగ్ ఏసీలు 24తోనే మొదలవాలన్న నియమం మంచిదే. అది మొదటి అంకెను మార్చింది తప్ప, అంకె అర్థాన్ని విప్పలేదు.

కరెంటు ఖర్చు పంచుకునే బెడ్‌స్పేస్ గదులలో ఇది తగవుగా మారుతుంది. సెన్సర్ కొలిచేది సాధారణంగా కప్పు దగ్గర యంత్రంలోకి తిరిగివెళ్ళే గాలిని. దాని ఎదుట పై మంచంవాడు దుప్పటి కప్పుకుంటాడు, మూలన కింది మంచంవాడు చెమటోడుస్తాడు. రిమోట్ ఇద్దరికీ ఒకే అంకె చూపిస్తుంది.