ఊరికే కూచునే చోటు

పట్టణ ప్రణాళికా పత్రాలను ఎవరూ సాహిత్యంలా చదవరు. కానీ ఏ రచన చేతికొచ్చినా ఇందులో మాట్లాడుతున్నదెవరు, ఎవరితో మాట్లాడుతున్నారు, ఎవరిని లెక్కలోకి తీసుకోలేదు అని అడగడం స్త్రీవాద విమర్శ మనకు నేర్పిన మొదటి పాఠం. పశ్చిమ కర్నూలులోని ఆదోని, ఎమ్మిగనూరు లాంటి ఊళ్ళలో పార్కుల కోసం ‘ప్రజాభిప్రాయ సేకరణ’ అన్న మాట విన్నప్పుడు నాకు ఆ ప్రశ్నలే తోస్తాయి.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పాలక సంస్థలకు అప్పగించదగిన 18 పనులను 12వ షెడ్యూల్లో పెట్టింది. పార్కులు, తోటలు, ఆటస్థలాలు అందులో 12వ అంశం. అదే సవరణ వార్డు కమిటీలను మాత్రం మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాలకే తప్పనిసరి చేసింది. 2011 లెక్కల ప్రకారం ఆదోని జనాభా లక్షా అరవై ఆరు వేలు, ఎమ్మిగనూరు తొంభై అయిదు వేలు. రెండూ ఆ గీతకు కిందే ఉన్నాయి. 2015లో కేంద్రం మొదలుపెట్టిన అమృత్ పథకం ప్రధానంగా లక్ష దాటిన పట్టణాలను ఎంచుకుంది. ఆ గీతను ఆదోని దాటింది, ఎమ్మిగనూరు దాటలేదు. 2021లో రెండో దశ వచ్చాకే చిన్న పట్టణాలన్నిటికీ అందులో చోటు దొరికింది. చిన్న ఊళ్ళో ఉన్నవాళ్ళను అడగడం రాజ్యాంగం వరకు చూస్తే తప్పనిసరి కాదు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళ మాట ఇంకెవరికి పడుతుంది?

అమృత్ తొలి దశ లక్ష్యాల్లో పచ్చని స్థలాలు, పార్కులు, వినోద కేంద్రాలు ఉన్నాయి. ముఖ్యంగా పిల్లల కోసం అని ఆ వాక్యం ప్రత్యేకంగా చెబుతుంది. మంచిదే. మరి స్త్రీ ఎక్కడుంది? పిల్లవాడి చెయ్యి పట్టుకుని, నీళ్ళ సీసా సంచిలో వేసుకుని, ఆ వాక్యంలోకి పేరు లేకుండా వచ్చి ఉంటుంది. పిల్లలు ఆడుకుంటుంటే చూస్తూ నిలబడడం ఆమె పని. పార్కు పిల్లవాడికి వినోదమైతే తల్లికి ఇంటిపనికి పొడిగింపు. పెళ్ళి కాని పిల్ల, పిల్లలు లేని మనిషి, పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయిన నడివయసు స్త్రీ ఆ వాక్యంలోకి ఏ దారిన రావాలి?

ఇక అడిగే తీరు చూడండి. “మీకు పార్కులో ఏమేం కావాలి?” అన్నదే ఎప్పుడూ ప్రశ్న. నడకదారి, బెంచీలు, జిమ్ము, ఫౌంటెను అని జవాబుల జాబితా ముందే తయారుగా ఉంటుంది. ఆ ప్రశ్నకు జవాబివ్వాలంటే తీరిక అనేదొకటి అనుభవంలో ఉండాలి. ఎమ్మిగనూరు చేనేత ఊరు. 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన చేనేత సహకార సంఘం ఆ ఊరికి పేరు తెచ్చింది. మగ్గం ఉన్న ఇంట్లో ఇల్లూ కార్ఖానా ఒకటే. కండెలు చుట్టడం, పడుగు సరిచేయడం అన్నం వార్చే పనితో కలిసిపోతాయి. నేసినవాడి కూలిలో ఆ చేతుల పని విడిగా కనిపించదు. పని ఎప్పుడు మొదలైందో ఎప్పుడు ముగిసిందో తెలియని మనిషిని సాయంత్రం వినోదం గురించి అడిగితే ఏం చెబుతుంది? ఆదోని పత్తి మార్కెట్ చుట్టూ, జిన్నింగ్ మిల్లుల చుట్టూ బతికే కూలి స్త్రీలదీ అదే సంగతి. పైగా ఈ ప్రాంతం నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు పిల్లాపాపలతో గుంటూరు వైపు మిరపకోతలకు వలసపోతాయి. ఆ నెలల్లో సభ పెడితే తాళం వేసిన ఇళ్ళ అభిప్రాయం ఎవరు రాస్తారు?

ఈ రెండు ఊళ్ళలో నేను మాట్లాడిన ఆడవాళ్ళను పార్కులో ఏముండాలని అడిగితే “మాకేం తెలుసమ్మా, మీరే రాసుకోండి” అన్నారు. మధ్యాహ్నం పూట యాడ కూచుంటారు అని అడిగితే మాత్రం మాటలు ఆగలేదు. పక్కింటి అరుగు, కుళాయి గట్టు, ఆదోనిలో రణమండల కొండ మెట్లు, దర్గా ఆవరణ, ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరుని జాతర అని ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. మనసుకు నచ్చినట్టు కూచున్న ప్రతి చోటుకూ దేవుడో, నీళ్ళ బిందెో, బంధువుల ఇల్లో సాకుగా ఉంది. సాకు లేకుండా వెళ్ళిన చోటు ఒక్కటీ లేదు.

శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే ముంబయి గురించి రాసిన ‘వై లాయిటర్?’ (2011) చెప్పేది ఇదే. బహిరంగ స్థలంలో స్త్రీ ఏదో పని మీద వచ్చినట్టు కనబడుతూ ఉండాలి, పని లేకుండా తిరిగే హక్కే అసలు పౌరసత్వం అంటారు వాళ్ళు. మనకు దానికి చక్కటి మాట ఉంది, ‘ఊరికే’. మగవాడు సర్కిల్లో ఊరికే నిలబడతాడు, టీ కొట్టు ముందు ఊరికే కూచుంటాడు. ఆడది ఊరికే నిలబడితే ఆ ఊరికే సమాధానం చెప్పుకోవాలి.

రొకెయా సఖావత్ హొస్సేన్ ‘సుల్తానాస్ డ్రీమ్’ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1905లో, కమలా సత్యనాథన్ సంపాదకత్వంలో మద్రాసు నుంచి వెలువడిన ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో అచ్చయిన కథ. అందులో స్త్రీల దేశం ఊరంతా తోటే, వంటిల్లు కూడా కూరతోటలోనే. పరదా లేకుండా పగలు వీధిలో నడవడానికి సిగ్గుపడే కథకురాలిని చూసి అక్కడి స్త్రీలు మగవాళ్ళలా బిడియపడుతోందని నవ్వుతారు. అక్కడ మగవాళ్ళు లోపల ఉంటారు. ఇది వ్యంగ్యం. ‘మహిళా పార్కు’ అని చుట్టూ ఎత్తైన గోడ కట్టి మన చేతిలో పెట్టేవాళ్ళు దీన్ని జాగ్రత్తగా చదవాలి. రొకెయా అడిగింది ఇంకో జనానా కాదు, వీధిని.

అడిగే తీరు మారితే స్థలం కూడా మారుతుంది. 1990లలో వియన్నాలో తొమ్మిదేళ్ళు దాటాక ఆడపిల్లలు పార్కులకు రావడం బాగా తగ్గిపోతోందని పరిశీలనలో తేలింది. ఆడపిల్లలకు ఏం ఇష్టం లేదో అని ఊహించి వదిలేయకుండా, రెండు పార్కులను వాళ్ళను దృష్టిలో పెట్టుకుని మళ్ళీ రూపొందించారు. ఒకే పెద్ద మైదానాన్ని మగపిల్లలే ఆక్రమించుకోకుండా దాన్ని చిన్న చిన్న భాగాలు చేశారు. ఎవరు రాలేదో గమనించడం కూడా అభిప్రాయ సేకరణే.

సభకు ఆడవాళ్ళు రారని అనలేం. పొదుపు సంఘాలకు కబురు చేస్తే వస్తారు, రిజిస్టరులో సంతకాలు పెడతారు, ఫోటోలో నిండుగా ఉంటారు. మాట మాత్రం మైకు దగ్గరున్నవాళ్ళదే. అందుకని అడిగేవాళ్ళే కదలాలి. మగ్గం దగ్గరకు, మిల్లు గేటు దగ్గరకు, కుళాయి గట్టుకు, వాళ్ళకు కుదిరే వేళకు వెళ్ళాలి. ఆదోనిలో ఉర్దూలో, అవసరమైన చోట కన్నడంలో అడగాలి. ఏం కావాలని కాకుండా ఇప్పుడు ఎక్కడ కూచుంటున్నారు, ఎన్ని గంటలకు లేచి వెళ్ళాల్సి వస్తుంది, దారిలో దీపం ఉందా, దగ్గర్లో మరుగుదొడ్డి ఉందా, అక్కడ మిమ్మల్ని ఎవరు ప్రశ్నిస్తారు అని అడగాలి. చెప్పింది చెప్పినట్టు రాయాలి. చేసినదేదో, చేయనిదేదో మళ్ళీ వచ్చి వాళ్ళకే చెప్పాలి.

పార్కుకు ఎందుకొస్తారు అని ఆ పత్రంలో ఒక గడి ఉంటుంది. వ్యాయామం, పిల్లల ఆట, ఆరోగ్యం అని రాసి ఉంటాయి. వాటి కింద ‘ఊరికే’ అని ఇంకొకటి చేర్చమని మనం అడగాలి. ఆ గడిలో మొదటి టిక్కు ఏ వీధి స్త్రీ పెడుతుందో చూడాలని నాకుంది.