క్యాసెట్‌లో వినపడనిది

పద్యనాటకానికి వెళ్లే మా ఊరి పెద్దలకు అందులో ఒక్క పద్యమూ కొత్తది కాదు. ‘పాండవోద్యోగ విజయాలు’లో రాయబారం పద్యాలు కల్లంలో, కాలవగట్టున పాడుకుంటూ తిరిగినవాళ్లే. అయినా టిక్కెట్టు కొని, తెల్లవార్లూ మేలుకునేవాళ్లు. ఈ కృష్ణుడు ఎక్కడ ఎత్తుకుంటాడు, రాగం ఎంతసేపు లాగుతాడు, హార్మోనియం అతన్ని ఎందాకా వెంబడిస్తుంది అన్నదే వాళ్ల ఆసక్తంతా. నచ్చితే ‘వన్స్ మోర్’. కథ ఆగిపోయినా ఫర్వాలేదు.

నేను ఇండియన్ ఓషన్ కచేరీలకు వెళ్లేది కూడా సరిగ్గా ఇందుకే. 1990లో ఢిల్లీలో మొదలైన బ్యాండు అది. 2000లో వచ్చిన ‘కందీసా’ ఆల్బమ్ క్యాసెట్టును టేపు సాగిపోయేదాకా విన్న తరం మాది. కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థనా గీతం, నర్మదా లోయ జానపదం, గోరఖ్ పాండే భోజ్‌పురి కవిత, అన్నీ ఒకే క్యాసెట్టులో ఉండేవి. సగం భాషలు మాకు రావు. అయినా ప్రతి మలుపూ కంఠతా వచ్చు. అంత బాగా తెలిసిన పాటను మళ్లీ డబ్బు పెట్టి వినడం దేనికని ఇంట్లో అడిగేవాళ్లు.

క్యాసెట్టులో ‘మా రేవా’ వస్తుంది, అయిపోతుంది. వేదిక మీద అదే పాట ఎక్కడ ఆగుతుందో వాయించేవాళ్లకే ముందు తెలియదు. అందరూ తలో దిక్కుకు పోతున్నట్టు ఉంటుంది. బేస్ గిటార్ మీద రాహుల్ రామ్ ఒక వరసను పట్టుకుని వదలడు. డ్రమ్స్ దగ్గర అమిత్ కిలమ్ దాన్ని కాసేపు మోసి, ఉన్నట్టుండి బరువు మార్చేస్తాడు. అప్పుడు చూడాల్సింది వేళ్లను కాదు, కళ్లను. ఒకరు తల ఎత్తుతారు, ఇంకొకరు కనుబొమ్మ ఎగరేస్తారు, మరుక్షణం అందరూ కలిసి పల్లవి మీద వాలతారు. కర్ణాటక కచేరీలో తని ఆవర్తనం ముగిసి గాయకుడు పల్లవి అందుకునేటప్పుడు మనం ‘ఆహా’ అనేది కూడా అక్కడే కదా. వాయించేవాళ్లు ఒకరినొకరు ఎంత శ్రద్ధగా వింటున్నారో రికార్డు దాచేస్తుంది. స్టూడియోలో ఒక్కొక్కరి వాద్యాన్ని విడిగా పట్టి, తర్వాత కలిపే వీలుంది. అలా కలిపితే ఎవరు ఎవరి కోసం ఆగారో చెవికి అందదు. వీళ్ల రెండో ఆల్బమ్ ‘డెసర్ట్ రెయిన్’ నాకు ఎక్కువ ఇష్టం కావడానికి కారణం అదే. వీధి నాటకాల సఫ్దర్ హష్మీ స్మృతిలో ఢిల్లీలో ‘సహమత్’ సంస్థ ఏటా జనవరి 1న జరిపే సభలో, 1997లో, నేరుగా వేదిక మీంచి రికార్డు చేశారు దాన్ని.

ఇంతకీ ఎక్కడ నిలబడాలి? ముందు వరస కోసం తోసుకునేవాళ్లను చూస్తే జాలేస్తుంది. అక్కడ డ్రమ్ముల మోత చెవిలో పడుతుంది, గొంతు ఎటో పోతుంది. ఎందుకంటే పెద్ద స్పీకర్ల శబ్దం మన నెత్తి మీంచి వెళ్లిపోతుంది. మరీ వెనక్కు పోయినా చిక్కే. ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. వంద మీటర్ల దూరాన ఉంటే డ్రమ్ము మీద కర్ర పడటం ముందు కనిపిస్తుంది, దెబ్బ దాదాపు సెకనులో మూడో వంతు ఆలస్యంగా వినిపిస్తుంది. తాళం లెక్క పెట్టుకునే చెయ్యికి అది నరకం. సౌండ్ మిక్సింగ్ చేసేవాళ్ల బల్ల పక్కన చోటు దొరికితే అంతకు మించింది లేదు. ఆ ఇంజనీరు తన చెవికి బాగుండేలా సరిచేస్తున్న సంగీతమే మనకూ అందుతుంది. అదనంగా పైసా ఖర్చు లేకుండా!

ఈ బ్యాండులో అశీమ్ చక్రవర్తిని చూసిన అదృష్టం నాకుంది. తబలాల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, వాయిస్తూనే పాడేవాడు. చేతులు ఒక లెక్కలో నడుస్తుంటే గొంతు ఆ లెక్కకు అడ్డంగా సాగి, ఎప్పుడో తీరిగ్గా వచ్చి కలిసేది. చిన్నప్పటినుంచీ బుర్రకథలు చూసినవాణ్ణి, పాడుతూ వాయించడం నాకు కొత్త కాదు. కానీ బుర్రకథలో వాద్యం పాట నడకలోనే నడుస్తుంది. ఈయన రెంటినీ విడగొట్టి నడిపేవాడు. క్యాసెట్టు విన్నన్నాళ్లూ అక్కడ ఇద్దరు మనుషులున్నారనుకోవడానికి ఏ అడ్డూ లేదు.

2009 డిసెంబర్ 25న ఆయన పోయాడు. ఆ తర్వాత బ్యాండు ఏం చేసిందో చూడండి: పాటకు హిమాంశు జోషి వచ్చాడు, తబలాకు తుహీన్ చక్రవర్తి వచ్చాడు. ఒక మనిషి ఖాళీని ఇద్దరు పంచుకోవాల్సి వచ్చింది. 2013లో గిటారిస్టు సుస్మిత్ సేన్ కూడా తప్పుకున్నాడు, నిఖిల్ రావు చేరాడు. అశీమ్ ఉండగా రికార్డు చేసిన ‘16/330 ఖజూర్ రోడ్’ ఆల్బమ్ పాటలను 2010లో మొదలుపెట్టి నెలకొకటి చొప్పున ఇంటర్నెట్‌లో ఉచితంగా వదిలారు. పాటను ఊరికే ఇచ్చి, కచేరీ మీద బతుకుతామనడం నాకైతే నిజాయితీగల బేరమే అనిపించింది.

కచేరీల్లో నాకు గిట్టని సంగతి కూడా ఒకటుంది. మొదటి పాట నుంచీ ‘బందే, బందే’ అని వెనకనుంచి కేకలు. ‘బ్లాక్ ఫ్రైడే’ సినిమాలో వచ్చిన ఆ పాట గొప్పదే, వాళ్లు చివర్లో ఎలాగూ పాడతారు. వన్స్ మోర్ అనడం వేరు. అది జరిగిన ముచ్చటకు ఇచ్చే మర్యాద. ఇది మాత్రం ఇంకా వడ్డించని పాయసం కోసం విస్తరి చప్పుడు చేయడమే.

పాత అభిమానులు విరామంలో టీ తాగుతూ అశీమ్ రోజులు వేరని నిట్టూరుస్తుంటారు. నేనూ ఒకప్పుడు వంత పాడాను. ఇప్పుడు పాడను. హిమాంశు గొంతుకు పైస్థాయిలో ఒక తెగింపు ఉంది. ‘కందీసా’ పాటను అతను అక్కడికి తీసుకెళ్లినప్పుడు తుహీన్ తబలా కింద మెత్తగా పరుచుకుంటుంది. ఒక్క మనిషే రెండూ చేస్తున్నప్పుడు ఇలాంటి సంభాషణకు చోటు లేదు. ఆ మధ్య నా పక్కన నిలబడిన కుర్రాడికి ఇరవయ్యేళ్లు కూడా ఉండవు. ఈ పాట మొదట పాడింది వేరే ఆయనని చెబితే, ‘అవునా అంకుల్? ఇంతకంటే బాగా పాడేవారా?’ అన్నాడు. లేదు బాబూ, వేరేగా పాడేవాడు అన్నాను. వాడు మళ్లీ వేదిక వైపు తిరిగిపోయాడు. అప్పటికే అమిత్ గుబ్‌గుబీ వాద్యం చేతిలోకి తీసుకున్నాడు.