ఒడ్డువైపు పడొద్దు

తాత ఎడమ మోకాలు ముందుకు చాపి, చిప్ప కింద వేలితో నొక్కి చూపించాడు. అక్కడి చర్మం చెప్పు అడుగులా గట్టిపడి ఉంది. కొన్ని దశాబ్దాలపాటు తెప్ప మీద మోకాళ్లు మడిచి కూర్చుని తెడ్డు వేసినందుకు మిగిలిన గుర్తు అది. కుడి పిక్క మీద జానెడు మచ్చ. గడ్డం కింద పాత కుట్లు. రెండుసార్లు జారిన ఎడమ భుజం కుడిదానికంటే కాస్త దిగి ఉంటుంది. కుడిచేతి ఉంగరం వేలు వంగదు. ఒక్కొక్కటీ ఎప్పటిదని అడిగితే సంవత్సరం చెప్పడు. "పెద్దోడు పుట్టిన ఏడు", "రొయ్య బాగా పడ్డ ఏడు", "మీ అమ్మ పెళ్లికి ముందు ఏడు" అంటాడు. ఆయన కాలెండరు ఆయన ఒంటిమీదే ఉంది.

ఆయన నాకు సొంత తాత కాదు. మా అమ్మది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో వజ్రపుకొత్తూరు పక్క ఊరు. మాది కొబ్బరితోటల ఉద్దానం, తాత వాళ్ల జాలరిపేటది ఇసక మీది ఉద్దానం. మధ్యలో జీడితోటలు దాటితే చాలు. చిన్నప్పుడు సెలవులన్నీ ఆ పేటలోనే గడిచాయి కాబట్టి అక్కడ అందరూ నాకు తాతలూ మావయ్యలే.

మా పక్క గుర్రపుస్వారీ చేసే మనిషిని నేను చూడలేదు. స్వారీ నేర్పే చోట్ల మాత్రం మొదట్లోనే పడటం నేర్పుతారని చదివాను. కళ్లెం వదిలెయ్యాలి, ఒళ్లు ముడుచుకోవాలి, డెక్కలకు దూరంగా దొర్లాలి. చదవగానే తాత గుర్తొచ్చాడు. తెప్ప ఎక్కడం కంటే ముందు తెప్ప మీంచి పడటం నేర్పిన మనిషి ఆయన. ఉద్దానం తీరంలో కెరటం మీద స్వారీ చేసి బతికినవాళ్ల విద్యలో సగం ఇదేనని నా నమ్మకం. ఆ సగాన్ని ఎవరూ రాసిపెట్టినట్టు నేను చూడలేదు.

శ్రీకాకుళం జిల్లా తీరం 193 కిలోమీటర్లు. భావనపాడు, నువ్వలరేవు, మంచినీళ్లపేట, బారువ దాటి డొంకూరు దాకా చూస్తే సముద్రాన్ని అడ్డుకునే కొండ గానీ, పడవ దాక్కునే లోతైన మడుగు గానీ దాదాపు లేవు. తిన్నగా సాగే ఇసక. బంగాళాఖాతంలో ఎక్కడో లేచిన కెరటం నేరుగా వచ్చి ఈ ఒడ్డునే విరుగుతుంది. లోతు నీళ్లలో కెరటం సాధువు. తెప్పని ఎత్తుతుంది, దించుతుంది, అంతే. ఒడ్డు దగ్గరపడేకొద్దీ దాని అడుగు ఇసకని తాకి మందగిస్తుంది, తల మాత్రం పరుగు ఆపదు. నీటి లోతు కెరటం ఎత్తుకి కొంచెం మించి ఉండే చోటికి రాగానే విరుగుతుంది. ఒకటిన్నర మీటర్ల కెరటం సుమారు రెండు మీటర్ల లోతులో విరుగుతుంది. ఘనమీటరు నీళ్లంటే టన్ను బరువు. వేటకి వెళ్లే మనిషి ఆ విరిగే గీతని పొద్దున్న ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి దాటాలి. బతుకంతా.

దానికోసమే పుట్టింది తెప్ప. మద్రాసు ప్రెసిడెన్సీలో మత్స్యశాఖ చూసిన జేమ్స్ హార్నెల్ 1920లో భారతదేశపు పడవల గురించి పెద్ద గ్రంథం రాస్తూ, గంజాం, విశాఖపట్నం తీరాల తెప్పని తమిళ తీరపు కట్టుమరం నుంచి వేరు చేసి ప్రత్యేక రకంగా చెప్పాడు. (ఇప్పటి టెక్కలి, పలాస ప్రాంతాలు అప్పట్లో గంజాంలోవే. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో.) దక్షిణాన దుంగలన్నిటినీ కలిపి తాళ్లతో కడతారు. మన దగ్గర తేలిక కలప దుంగలని చెక్కి, కొయ్య సీలలతో బిగించి, రెండు సగాలుగా చేస్తారు. వేటకి వెళ్లే ముందు ఆ రెండిటినీ తాళ్లతో జతకడతారు. తిరిగొచ్చాక విప్పి ఇసక మీద ఆరబెడతారు. కలప నీరు పీల్చుకుంటే బరువెక్కి ఊపు చచ్చిపోతుంది, అందుకని. ఇవాళ ప్రపంచమంతటా రెండు కడుపుల పడవల్ని 'కాటమరాన్' అంటున్నారు. ఆ పేరు తమిళ కట్టుమరానిది, పడవ మాత్రం వేరు.

తెప్ప గొప్పతనం అది మునగకపోవడంలో ఉంది. పడవలోకి నీళ్లు వస్తే తోడాలి, తోడలేకపోతే మునగాలి. తెప్పలో నీళ్లు నిలవవు. దుంగల సందుల్లోంచి వచ్చిన దారినే పోతాయి. బోల్తా పడినా తిరగేసి మళ్లీ ఎక్కొచ్చు. మునగని వాహనం కాబట్టే దాని మీంచి పడటం ఒక విద్య అయింది. పడినవాడు మళ్లీ దానిమీదకే రావాలి, అదే వాడిని చంపకుండా చూసుకోవాలి కూడా.

వెళ్లేటప్పుడు పని సూటిగా ఉంటుంది. తెప్ప ముక్కు సముద్రానికి ఎదురుగా పెట్టి, నడుం లోతు నీళ్లలో పట్టుకుని ఆగుతారు. కెరటాలు ఒకేలా రావు. నాలుగు పెద్దవి వచ్చాక కాసేపు చిన్నవి వస్తాయి. ఎన్నో కెరటం తర్వాత బయల్దేరాలని ఒకసారి అడిగాను. "లెక్క కాదు బావు, ఊపిరి" అన్నాడు తాత. "అది ఊపిరి వదిలినప్పుడు మనం ఎగెయ్యాల." వెనక అమరంలో ఉన్నవాడు కేక వెయ్యగానే తోసి, గెంతి, మోకాళ్ల మీద పడి తెడ్లు వేస్తారు. విరిగే కెరటం ఎదురైతే పక్కకి తప్పుకునే ప్రయత్నం చెయ్యరు. ముక్కుసూటిగా గుచ్చి, తల దించి, కట్టుతాడు పట్టుకుని, నీటిని తమ మీంచి పోనిస్తారు. అర క్షణం పక్కకి తిరిగితే చాలు, తెప్ప పొర్లుతుంది.

అసలు ప్రమాదమంతా రాకలోనే. ఒళ్లు అలసి ఉంటుంది, వల తడిసి బరువుగా ఉంటుంది, ఒడ్డు కనిపిస్తుంటే మనసు తొందరపడుతుంది. తెలిసినవాడు విరిగే గీత బయటే ఆగి, ఒడ్డుకి వీపు పెట్టి సముద్రాన్ని చూస్తాడు. పెద్దవాటిని ముందుకి పోనిచ్చి, ఆఖరి దాని వీపు మీద ఎక్కుతాడు. వీపు మీదే, ముఖం మీద కాదు. కెరటం ముఖానికి దొరికితే తెప్ప జారుడుబల్ల మీద పెట్టినట్టు దూసుకుపోతుంది, ముక్కు ఇసకలో గుచ్చుకుంటుంది, వెనక భాగం మనుషులతో సహా గాల్లోకి లేస్తుంది. అమరంలోని మనిషి తెడ్డుని చుక్కానిలా ఒడిసిపట్టి తెప్పని తిన్నగా ఉంచడమే అప్పుడు ఉన్న ఒక్క ఆసరా. తాత భుజం రెండుసార్లూ అలా పట్టినప్పుడే జారింది. ఇక ఇసక తగిలిన క్షణంలో అందరూ ఒక్కసారిగా దూకి, వెనక కెరటం వచ్చేలోగా లాగెయ్యాలి. చీలమండలు నలిగేది, కాలివేళ్లు చితికేది అక్కడే. తాత చెప్పిన దెబ్బల్లో ఎక్కువ ఆఖరి ఇరవై బారల్లో తగిలినవే.

పడక తప్పనప్పుడు ఏం చెయ్యాలి? సముద్రం వైపు పడాలి. ఒడ్డు వైపు కాదు. భయపడిన మనిషి ఒడ్డు వైపే చెయ్యి చాస్తాడు, అది సహజం. ఆ సహజాన్ని చంపడమే శిక్షణ. ఒడ్డు వైపు పడినవాడికీ ఇసకకీ మధ్య లోతు ఉండదు, వెనకనుంచి నలుగురు మొయ్యాల్సిన దుంగలు కెరటం వేగంతో వస్తాయి. సముద్రం వైపు పడితే తెప్ప దూరంగా పోతుంది. తర్వాతి కెరటం కిందుగా మునిగి, అది దాటాక లేచి, తెప్ప ఎక్కడుందో చూసుకుని, అప్పుడు ఈదాలి. పేట పిల్లలకి ఇది మాటలతో చెప్పరు. విరిగిన తెప్ప ముక్క ఒకటి ఇచ్చి, మోకాలి లోతు నురుగులో వదులుతారు. తప్పు వైపు పడ్డవాడికి వీపున ఒక చరుపు.

నాకు ఆ చరుపులు సరిపోలేదు. పదమూడో ఏట, మాఘమాసంలో, సముద్రం చాపలా పరుచుకున్న రోజున తాత నన్ను తెప్ప మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. తిరిగొస్తుంటే ఒడ్డున అమ్మ కనిపించింది. కూర్చోమన్నా వినకుండా లేచి నిలబడి చెయ్యి ఊపాను. తెప్ప ఊగింది, వెనక కెరటం దాన్ని పక్కకి తిప్పింది, నేను అమ్మ వైపే పడ్డాను. దుంగ వచ్చి మెడ పక్క ఎముకని కొట్టింది. ముందు చప్పుడు విన్నాను, నొప్పి ఆ తర్వాత. తాత నన్ను జుట్టు పట్టుకుని పైకి లాగి, ఊపిరి ఆడుతోందని చూసుకున్నాక అన్న మొదటి మాట: "ఒడ్డువైపు పడొద్దని సెప్పలేదేట్రా గుంటడా?" నెలన్నర చెయ్యి మెడకి వేలాడింది. ఆ ఎముక ఇప్పటికీ వేలికి ఎగుడుగా తగులుతుంది. తప్పు పూర్తిగా నాదే. ఆ ఒక్క దెబ్బ వల్లే ఆయన ఒంటిమీది మచ్చల్ని నేను చదవగలుగుతున్నాను.

దెబ్బలకి పేటలో వైద్యం ఉండేది. టేకు చేప విషపు ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో కాలు పెట్టించేవారు. ఇప్పుడు డాక్టర్లూ అదే చెబుతారు. ఆ విషం మాంసకృత్తు కాబట్టి నలభై అయిదు డిగ్రీల దగ్గర వేడికి దాని తీవ్రత తగ్గుతుంది. ఒళ్లునొప్పులకి వావిలాకు కాపడం, ఉప్పు కాపడం. ఈ పనంతా ఆడవాళ్లది. పొద్దున్నే చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి, సాయంత్రం మొగుడి నడుముకి కాపడం పెట్టేవాళ్లు. వాళ్ల మెడలు, నడుములు కూడా ఈ లెక్కలో చేరాలి.

తర్వాత కాపడం పోయి మాత్ర వచ్చింది. నాకు అన్నిటికంటే బెంగ ఇక్కడే. నొప్పి మాత్రలు అతిగా వాడితే మూత్రపిండాలు దెబ్బతింటాయని ఎక్కడైనా చెబుతారు, ఉద్దానంలో ఆ మాట బరువు వేరు. ఇక్కడ కిడ్నీ జబ్బుతో ఎవరో ఒకరు పోయిన ఇళ్లు చాలా ఉన్నాయి. కారణం ఒక్కటని ఇప్పటికీ తేలని ఆ జబ్బు కోసమే పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారు. కెరటం కొట్టిన నడుముకి రోజూ రెండు మాత్రలు కొనుక్కునే మనిషి, ఆ నడుముతోపాటు ఇంకేం పోగొట్టుకుంటున్నాడో చెప్పేవాళ్లు పేటలోకి రావాలి. ప్రమాద బీమా ఉంది. మత్స్య సంపద యోజన కింద చనిపోయినా, పూర్తిగా అంగవైకల్యం వచ్చినా 5 లక్షలు, పాక్షికంగా శాశ్వత వైకల్యమైతే రెండున్నర లక్షలు. అది అవసరమే. కానీ ఒక్క రోజులో విరిగిన కాలికి ఆ కాగితంలో చోటుంది గానీ, నలభై ఏళ్లలో అరిగిన మోకాలికి లేదు.

తుఫానులకి పేర్లుంటాయి, తేదీలుంటాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గరే తీరం దాటి మా కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చింది. అది అందరికీ గుర్తు. అలాంటి రోజు ముందే హెచ్చరిక వస్తుంది, వేటకి ఎవరూ వెళ్లరు. ఎముకలు విరిచేది పేరులేని మామూలు రోజు. అందులోనూ జూన్ నెల. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజన్ పడవలకి వేట నిషేధం. చేపల సంతతి కోసం అది ఉండాల్సిందే. కానీ నిషేధం ముగిసేసరికి నైరుతి గాలి లేచి కెరటం పెద్దదవుతుంది. రెండు నెలలు వేట లేక మెత్తబడిన చేతులతో, చేతిలో డబ్బు అయిపోయిన మనిషి ఏడాదిలోకెల్లా కష్టమైన కెరటానికి ఎదురెళ్తాడు. "నిషేధం అయ్యాక మొదటి వారం మట్టుకు ముసలోళ్లని అమరంలో పెట్టుకోవాల" అని తాత అనేవాడు.

ఇప్పుడు దుంగల తెప్ప కనిపించడం అరుదు. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వారి బంగాళాఖాత కార్యక్రమం, ఇంజన్ పెట్టుకుని కెరటం దాటి ఒడ్డుకే చేరగల పడవల మీద చాలా ఏళ్లు పనిచేసింది. ఆ తర్వాత ఫైబర్ తెప్పలు ఒడ్డునిండా పరుచుకున్నాయి. పేరు తెప్పే, లోపల థర్మాకోలు. ఇంజను విరిగే గీతని క్షణాల్లో దాటిస్తుంది, మోకాళ్లని కాపాడింది. దాన్ని వద్దనే హక్కు నాకు లేదు. గాయాలు మాత్రం మారాయి. బోల్తాపడితే నీళ్లలో పంకా తిరుగుతూ ఉంటుంది. పడేటప్పుడు తెప్పకి ఎటు పడాలన్న పాత సూత్రానికి, ఇంజన్ ఆపే తాడు మణికట్టుకి కట్టుకోవడమనే కొత్త సూత్రం చేరాలి. మూలపేటలో 2023లో పోర్టుకి శంకుస్థాపన జరిగింది. చేపల రేవులూ, జెట్టీలూ వస్తే కెరటం దాటే అవసరమే ఉండదేమో. అప్పుడైనా ఈ విద్య తెలిసిన ముసలివాళ్లని కూర్చోబెట్టి, ఏ మచ్చ ఏ తప్పుకి వచ్చిందో ఒక్కొక్కటీ రాసుకోవాలని నా కోరిక. ఈ తీరంలో నీళ్లలోకి దిగేవాళ్లు, మునిగేవాళ్లు, రక్షించడానికి వెళ్లేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

తాత చిన్న కొడుకు గుజరాత్‌లో, వెరావల్‌లో బోటు మీద పనిచేస్తున్నాడు. ఇక్కడినుంచి వందలమంది వెళ్తారు. 2018లో అలా వెళ్లిన మన జిల్లాల వాళ్లు కొందరు పాకిస్తాన్‌కి పట్టుబడి, 2020 జనవరిలో తిరిగొచ్చారు. దాని మీదే 'తండేల్' సినిమా వచ్చింది. మొన్న నేను వెళ్లినప్పుడు కొడుకు ఫోన్ చేశాడు. మోకాలు ఎలా ఉందని అడిగాడు. తాత దానికి జవాబు చెప్పకుండా, అక్కడ కెరటం ఎలా దాటుతున్నారని అడిగాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు మాట్లాడలేదు.

"అక్కడ దాటరంట బావు. మెట్లు దిగి బోటెక్కుతారంట."

చెయ్యి నేల మీద ఆన్చి లేచి, మోకాలు నిమురుకుని, ఆరబెట్టిన తెప్ప సగాన్ని ఎండ తగిలే వైపుకి తిప్పడానికి వెళ్లాడు. రెండో పక్క నేను పట్టుకున్నాను.