దీపముతో వెదకిన యిల్లు: మిష్నాలోని పస్కా భాగముపై ఒక విమర్శ

పస్కా పండుగను గూర్చి మనము చిన్ననాటనుండి వినుచునే యున్నాము. గొఱ్ఱెపిల్ల రక్తము, ద్వారబంధములు, రాత్రివేళ ప్రయాణము, ఎఱ్ఱసముద్రము, ఇవన్నియు మన సండే స్కూలు పిల్లలకు సహితము కంఠస్థము. గాని ఆ పండుగకు ముందు యూదుల యింటిలో ఏమి జరుగునని అడిగినయెడల జవాబు చెప్పగలవారు మనలో కొద్దిమందియే. మన ప్రసంగికులు ఆ వంటయింటి గడపయొద్ద నిలువరు. "పులిపిండి పాపమునకు గుర్తు, యూదులు దానిని యింటిలోనుండి తీసివేసిరి గాని హృదయములోనుండి తీసివేయలేదు" అని ఒక్క మాట చెప్పి దాటిపోవుదురు. నేనును ఆ మాటను చాల యేండ్లు చెప్పినవాడనే. ఒక పాత గ్రంథభాగమును నిదానముగా చదివినపిమ్మట ఆ మాట నా నోట సులువుగా వచ్చుట మానినది. ఆ గ్రంథభాగము యొక్క గుణదోషములను మీ యెదుట విచారింపగోరుచున్నాను.

రబ్బీల బోధలను కూర్చిన మిష్నా అను గ్రంథము క్రీస్తు శకము 200 ప్రాంతమున యూదా అను రబ్బీ చేతులమీదుగా రూపు దాల్చెను. అప్పటికి యెరూషలేము దేవాలయము కూలి 130 యేండ్లు దాటినది. అందులో పస్కాను గూర్చిన భాగమునకు పెసాహీము అని పేరు. పది అధ్యాయములు గలవు. హెర్బర్టు డాన్బీ అను క్రైస్తవ గురువు యెరూషలేములోని సెయింట్ జార్జి కెథీడ్రలులో కానను పదవిలో నుండి మిష్నా యంతటిని ఆంగ్లములోనికి తెచ్చెను. అది 1933లో ఆక్స్‌ఫర్డులో అచ్చయినది. నేను చదివినది ఆ అనువాదమే.

భక్తిగ్రంథమును చదువు ఆశతో దీనిని తెరచువారు నిరాశపడుదురు. ఇందులో పీఠిక లేదు, హితబోధ లేదు. నీసాను నెల పదునాలుగవ దినపు రాత్రి దీపపు వెలుగులో పులిసినదానిని వెదకవలెనన్న విధితో అది తిన్నగా మొదలగును. ఎందుకు వెదకవలెనో చెప్పదు. అది నిర్గమకాండము పండ్రెండవ అధ్యాయములో చదువరికి తెలిసియున్నదని దాని భావము. దీపమే యేల యని తరువాతి తాల్మూదు పండితులు అడిగిరి. యెరూషలేమును దీపములు పట్టుకొని పరిశోధించెదనని జెఫన్యా ద్వారా ప్రభువు సెలవిచ్చిన మాటను వారు చూపిరి. అంతటితో ఊరకొనక, కాగడా ఏల పనికిరాదని కూడ విచారించిరి. వారి జవాబులు నాకు మిక్కిలి నచ్చినవి. కాగడా వెలుగు గోడ కంతలలోనికి పోదు. దాని మంట ఊగిసలాడును. అన్నిటికిమించి, కాగడా పట్టినవాడు ఇల్లు అంటుకొనునేమో యను భయముతో వెదకుట మరచును. చిన్న దీపము పట్టినవానికి ఆ భయము లేదు. ఇల్లు ఊడ్చి ఎరిగినవారే ఇట్టి జవాబులు చెప్పగలరు. లూకా సువార్త పదునైదవ అధ్యాయములో పోయిన నాణెము కొరకు దీపము వెలిగించి ఇల్లు ఊడ్చిన స్త్రీ నాకు ఇక్కడ జ్ఞాపకము వచ్చినది. ఆమె చేసిన పని ఆ ఊరి వారందరికి ఏటేట అలవాటైన పనియే గదా.

వెదకుమని చెప్పిన వెంటనే ఈ గ్రంథము ఎక్కడ ఆగవలెనో చెప్పుట మొదలుపెట్టును. నన్ను ఆశ్చర్యపరచినది ఇదియే. పులిసినది ఎన్నడును తీసికొనిపోని చోటును వెదకనక్కరలేదు. ద్రాక్షారసపు జాడీల కొట్టులో రెండు వరుసలు చూచిన చాలును. ఆ రెండు వరుసలు ఏవి యను విషయములో షమ్మయి శిష్యులకును హిల్లేలు శిష్యులకును భేదమున్నది, షమ్మయి వారి లెక్క కష్టమైనది. వెదకిన గదిలోనికి ముంగిస వంటి జంతువేదైన ఒక రొట్టెముక్కను ఈడ్చుకొని వచ్చినదేమో యని చింతింపకూడదు. ఆలాగున చింతించినయెడల ఈ యింటినుండి ఆ యింటికి, ఈ ఊరినుండి ఆ ఊరికి ఈడ్చినదేమో యని చింతింపవలసివచ్చును, దానికి అంతుండదు. గోడ కూలి మన్ను కప్పిన పులిసిన పదార్థము తీసివేయబడినట్టే. ఎంత లోతు మన్ను? కుక్క వాసన పట్టి తీయలేనంత యని గమలీయేలు కుమారుడైన సిమెయోను చెప్పెను.

దోమను వడియగట్టువారని మనము తలంచిన రబ్బీలే ముంగిసను గూర్చి భయపడవద్దని తమ జనులతో చెప్పుచున్నారు. మనస్సాక్షి నొప్పి గలవారిని నేను సంఘములో చూచియున్నాను. ఒప్పుకొన్న పాపమునే మరల మరల ఒప్పుకొని, క్షమింపబడితినో లేదో యని నిద్రలేక బాధపడువారికి మనము చెప్పదగిన మాట ఇంత స్పష్టముగా ఇంకొకచోట నాకు దొరకలేదు.

ఇక పులిపిండి పాపమునకు గుర్తన్న మాట. మన భాషలో ఈ మాట కొంత తికమక పెట్టును. మన బైబిలు నిర్గమకాండములో "పొంగని రొట్టెలు" అనియు, కొరింథీయుల పత్రికలో "పులిపిండి" అనియు చెప్పును. పులిపిండి యనగానే మనకు దోసెపిండి తలంపునకు వచ్చును. మిష్నా లెక్కలో గోధుమ, యవలు మొదలగు ఐదు ధాన్యముల పిండికి నీళ్లు తగిలి పొంగినదే పులిసినది. బియ్యము అందులో లేదు. అయినను ఐరోపాలోని అష్కెనాజీ యూదులు వాడుకనుబట్టి పస్కాలో బియ్యమును మానిరి, సెఫార్దీ యూదులలో అనేకులు తినుచున్నారు. కనుక పులుపు రుచిమీద కోపము కాదిది.

మరి దేనిమీద? మొదటి అధ్యాయములో ఒక దృశ్యమున్నది. దేవాలయపు మంటపము మీద, అర్పణకు చెల్లకపోయిన కృతజ్ఞతార్పణ రొట్టెలు రెండు ఉంచెడివారు. రెండును కనబడునంతవరకు జనులు పులిసిన రొట్టె తినుచుందురు. ఒకటి తీసినప్పుడు తినుట ఆపుదురు, గాని ఇంకను కాల్చరు. రెండవది తీయగానే అందరును కాల్చ మొదలుపెట్టుదురు. చూడుడి, ఆ గురుతుగా ఉంచినవి పులిసిన రొట్టెలే. లేవీయకాండము ఏడవ అధ్యాయము ప్రకారము దేవునికి కృతజ్ఞత చెల్లించువాడు తెచ్చునవే. పెంతెకొస్తు దినమున దేవుని సన్నిధికి తెచ్చు రెండు రొట్టెలును పులిసినవే. ఉదయము తిన్న రొట్టె మధ్యాహ్నమునకు కూడనిదగుచున్నది. రొట్టె మారలేదు, గడియ మారినది. ఐగుప్తునుండి తరుమబడినవారికి పిండి పొంగువరకు కూర్చుండుటకు సమయము లేకపోయెను. ఆ తొందరను యింటిలో తిరిగి తెచ్చుకొనుటయే ఈ ప్రయాసమంతయు. పిండికి నీళ్లు తగిలినది మొదలు పొయ్యిమీదికి చేరువరకు పట్టవలసిన సమయమును తరువాతివారు 18 నిమిషములుగా లెక్కించిరి. పౌలు పులిపిండిని దుష్టత్వమునకు పోల్చెను, అది నిజమే. అయితే మన ప్రభువు పరలోకరాజ్యమునే పులిపిండికి పోల్చెను. పోలికను పోలికగా నుంచక వస్తువునకే పాపమని పేరు పెట్టినది మన ప్రసంగపీఠమే.

"హృదయములోనుండి తీయలేదు" అన్న రెండవ సగము ఇంకను బలహీనమైనది. మూడవ అధ్యాయము కడపట ఈ ప్రశ్న గలదు. ఒకడు పస్కా పశువును వధించుటకో, కుమారునికి సున్నతి చేయించుటకో, మామగారింట ప్రధానపు విందుకో దారిబట్టి పోవుచు, ఇంటిలో పులిసినది మిగిలియున్నదని తలచుకొనెను. తిరిగిపోయి దానిని తీసివేసి మరల ఆ పనికి అందుకొనగలిగినయెడల తిరిగిపోవలెను; లేనియెడల తన హృదయములోనే దానిని లేనిదానిగా ఎంచవలెను. వరదలోనుండి, దొంగలనుండి, అగ్నిలోనుండి, కూలిన యింటిక్రిందనుండి మనుష్యులను రక్షింపబోవువాడైతే తిరిగిచూడక హృదయములో త్యజించి ముందుకు సాగవలెను. తన యిష్టముచొప్పున వేరొకచోట పండుగ గడుపబోవువాడు మాత్రము వెంటనే వెనుకకు రావలెను. బలిపీఠము నొద్ద అర్పణము విడిచి మొదట సహోదరునితో సమాధానపడుమన్న మాటను ఎరిగిన మనము దీనిని చదివి, వీరు హృదయమును ఎరుగరని యెట్లు చెప్పగలము?

దోషములు లేవని చెప్పను. మొదటిది, ఈ గ్రంథము పురుషుల చేతిలో దీపముంచి, వారములతరబడి పాత్రలు తోమి అల్మారలు కడిగిన ఇల్లాలిని గూర్చి దాదాపు మౌనముగా నుండును. ఆమె మూడవ అధ్యాయములో పిండి పిసుకుచు కనబడును. ముగ్గురు స్త్రీలు ఒక్క పొయ్యిదగ్గర ఎట్లు పనిచేయవలెనని పండితులు తర్కించుచుండగా, స్త్రీలందరు ఒకటి కారు, కట్టెలన్నియు ఒకటి కావు, పొయ్యిలన్నియు ఒకటి కావని అకీబా అడ్డుపడెను. ఆ ఒక్కడు వంటయింటిలో కొంతసేపు కూర్చుండి చూచినవాడని నాకు తోచుచున్నది. ఆమె మాట మాత్రము ఎక్కడను వినబడదు. రెండవది, ఐదవ అధ్యాయమునుండి తొమ్మిదవదానివరకు బలివిధులు. దేవాలయము లేని కాలమున వ్రాసినను నిన్న చూచినట్టు వ్రాసిరి, గాని సామాన్య చదువరికి అవి బరువు. మూడవది, ఒక్కొక్కచోట జాబితాయే గాని వివరణ లేదు. మాదీయుల మద్యము, ఎదోము చిరకా, రంగులవారి కలికము, లేఖికుల జిగురుపిండి అని వరుసగా చెప్పిపోవును. అయినను ఈ జాబితా దయతో చదివినవారికి ఒక పట్టణమంతయు కనబడును: పులిసినది వంటయింటిలోనే కాదు, అద్దకపువాని తొట్టిలోను పుస్తకములు అంటించువాని గిన్నెలోను ఉండెడిది.

పదియవ అధ్యాయము రాత్రి భోజనమును గూర్చినది. ఇశ్రాయేలులో అతి బీదవాడును ఆనుకొని కూర్చుండియే భుజింపవలెను. ధర్మపు పళ్లెములోనుండి పోషింపబడువానికిని నాలుగు పాత్రల ద్రాక్షారసము తక్కువ చేయకూడదు. ఇల్లు సిద్ధపరచుట యనగా ఈ లెక్క కూడ అందులోనిదే.

ఈ విధులు పుస్తకములలో మిగిలిపోయినవి కావు. నేటికిని యెరూషలేములోని మేయా షెయారీము వంటి పేటలలో పండుగ ముందు వీధులలో కాగులతో నీళ్లు మరగించి పాత్రలు ముంచి తీయుదురు. మట్టి పాత్ర మాత్రము మరుగునీళ్లకు శుద్ధి కాదు, దానిని దాచవలసినదే. అనేక గృహములలో వెదకువానికి తప్పక దొరుకునట్లు పది రొట్టెముక్కలు ముందుగానే అక్కడక్కడ ఉంచుదురు. పిల్లలు దీపము వెంట తిరుగుదురు. ఈకతో ముక్కలను కొయ్య గరిటెలోనికి ఊడ్చి, మరునాటి ఉదయము కాల్చుదురు. ఆ రాత్రి వెదకుట ముగియగానే యజమానుడు అరామిక్కు భాషలో, తాను చూడని పులిసినదంతయు భూమిమీది ధూళివలె నగునుగాక యని చెప్పును. మన ప్రభువు శిష్యులు సామగ్రితో సిద్ధపరచబడిన మేడగదిని చూచిరని మార్కు వ్రాసెను. ఆ గదిని ఎవరు ఊడ్చిరో అతడు వ్రాయలేదు.

చదువగోరువారు మొదటి, మూడవ, పదియవ అధ్యాయములతో మొదలుపెట్టుట మంచిది. నాకు మాత్రము వేరొక పని మిగిలినది. నా పాత పస్కా ప్రసంగము పెట్టెలో ఉన్నది. దానిలో రక్తమును గూర్చిన పుటలు నిలుచును. పులిపిండిని గూర్చిన పుటను వచ్చు ఈస్టరుకు ముందు కొట్టివేసి, ఆ దారిలో వరదనీళ్లవైపు పరుగెత్తు మనుష్యుని గూర్చి క్రొత్తగా వ్రాయవలసియున్నది.