నేరస్థుడు - పతితుడు: బాలల న్యాయ పరిభాష వెలుగులో ‘జైలు లోపల’ శీర్షికలు

ప్రవేశిక

పదహారేళ్ల బాలుడు ఒక కేసులో పట్టుబడితే, వార్తలో అతడు ‘బాల నేరస్థుడు’ అవుతాడు. విచారణ ఇంకా మొదలు కాదు. పేరు మాత్రం స్థిరపడిపోతుంది. బాలలకు సంబంధించిన ప్రక్రియల్లో నిందార్థక పదాలు వాడరాదన్నది 2015 బాలల న్యాయ చట్టం మూడవ సెక్షన్ చెప్పిన మూలసూత్రాల్లో ఒకటి. కనుక ఇది న్యాయశాస్త్ర విషయమే కాదు, భాషా విషయం కూడా. నకిరేకల్ సమీపంలోని చెరువు మాదారంలో 1915లో జన్మించిన వట్టికోట ఆళ్వారుస్వామి తన జైలు అనుభవం నుంచి ‘జైలు లోపల’ కథలు రాశారు. ఆ సంపుటిలోని మూడు శీర్షికల పదనిర్మాణాన్ని చట్టం పరిభాషతో పోల్చడం ఈ వ్యాస లక్ష్యం. ఆ కథలు బాలలను గురించినవని ఇక్కడ ప్రతిపాదించడం లేదు. తప్పు చేసిన మనిషిని ఏమని పిలవాలన్న ప్రశ్నే ఈ రెంటినీ కలుపుతున్నది.

చట్టం మార్చుకున్న పేర్లు

1920 మద్రాసు బాలల చట్టం ‘యూత్‌ఫుల్ అఫెండర్’ అన్నది. 1986 చట్టం ‘డెలింక్వెంట్ జువైనల్’ అన్నది. 2000 చట్టం ‘చట్టంతో సంఘర్షణలో ఉన్న జువైనల్’ అనగా, 2015 చట్టం ‘జువైనల్’ స్థానంలో ‘బాల’ శబ్దాన్ని ప్రవేశపెట్టింది. మొదటి రెండు పేర్లలో నేరం వ్యక్తి గుర్తింపులోనే భాగం. తర్వాతి వాటిలో అది వ్యక్తికీ చట్టానికీ మధ్య ఏర్పడిన సంబంధం. తెలుగు వాడుక ఈ మార్పును అందుకోలేదు. పరిశీలన గృహం నేటికీ జనవ్యవహారంలో ‘పిల్లల జైలు’గానే ఉన్నది. బాలుణ్ణి జైలులో గాని, పోలీసు లాకప్‌లో గాని ఉంచరాదని చట్టం చెబుతున్నా, మాట అతణ్ణి ముందే జైలులో పెడుతున్నది.

‘నేరస్థుడు’లో దేశ్యమైన ‘నేరం’కు సంస్కృతపు ‘స్థ’ చేరింది. గృహస్థుడు గృహంలో ఉండేవాడైనట్లే నేరస్థుడు నేరంలో ఉండేవాడు. ఈ పదం ఒకనాటి చర్యను నిత్యనివాసంగా మారుస్తుంది. దీని ముందు ‘బాల’ శబ్దం చేరినా అర్థం మెత్తబడదు. నివాసం బాల్యం నుంచే మొదలైందన్న భావం కలుగుతుంది.

మూడు శీర్షికలు

‘పతితుని హృదయం’లో ఆళ్వారుస్వామి ఎన్నుకున్న పదం ‘పతితుడు’. ఇదీ నిర్దోషమైన పదం కాదు. నైతిక, మత సంప్రదాయాల నింద దీనికి అంటుకొని ఉన్నది. అయినా దీని ధాతువు ‘పడు’ అనే అర్థాన్నిస్తుంది. పడడం ఒక సంఘటన. ఎక్కడినుంచి, ఎవరు తోస్తే పడ్డాడన్న ప్రశ్నకు, మళ్లీ లేవగలడన్న ఆశకు అందులో చోటున్నది. పైగా షష్ఠీ విభక్తిలో ‘పతితుని’ అన్నది విశేషణమై ‘హృదయం’ ప్రధానపదమైంది.

‘పరిసరాలు’ అన్న శీర్షికలో వ్యక్తే లేడు. చట్టంలో ఈ శీర్షికకు దగ్గరగా వచ్చేది ప్రొబేషన్ అధికారి సమర్పించే సామాజిక పరిశోధన నివేదిక. కుటుంబం, చదువు, సావాసం అందులో సాక్ష్యాల వంటివి.

‘అవకాశమిస్తే’ చేదర్థకం. ఇచ్చేదెవరో, ఇస్తే ఏమవుతుందో శీర్షిక చెప్పదు. ప్రధానక్రియ లేని ఆ వాక్యాన్ని పూరించే బాధ్యత పాఠకునిది. చట్టంలోని ‘కొత్త ప్రారంభం’ సూత్రం, పాత రికార్డు తొలగించాలనే నిబంధన ఈ వాక్యానికి ఒక పూరణ.

చట్టంలోని రెండు భాషలు

అయితే 2015 చట్టమే ఇంకొక భాష కూడా మాట్లాడుతుంది. పదహారు నిండి పద్దెనిమిది నిండనివారు ఘోర నేరం చేశారన్న ఆరోపణ వస్తే, బోర్డు ప్రాథమిక అంచనా వేసి కేసును బాలల న్యాయస్థానానికి పంపవచ్చు. అక్కడ పెద్దలవలె విచారించే వీలుంది. మరణశిక్ష, విడుదలకు అవకాశం లేని యావజ్జీవం మాత్రం విధించరాదు. ఆ అంచనాలో శారీరక, మానసిక సామర్థ్యంతో పాటు, నేరం జరిగిందంటున్న పరిస్థితులను కూడా చూడాలి. అంటే ‘పరిసరాలు’ నిలిచి ఉన్నాయి. కాని పెద్దలవలె విచారణ జరిగి దోషిత్వం తేలినవారికి 24వ సెక్షన్‌లోని అనర్హతల తొలగింపు వర్తించదు. ‘అవకాశమిస్తే’ అన్న వాక్యం వారి విషయంలో అసంపూర్ణంగానే మిగిలిపోతుంది. బాధితుల వేదనను, సమాజ భద్రతను ఈ విమర్శ తక్కువ చేయదు. మూడవ సెక్షన్ భాషకూ, 24వ సెక్షన్ మినహాయింపుకూ మధ్య ఉన్న వైరుధ్యాన్ని గుర్తించాలని మాత్రమే కోరుతున్నది.

ముగింపు

ఆళ్వారుస్వామి 1961లో మరణించారు. ‘చట్టంతో సంఘర్షణ’ అన్న పదబంధం దేశ చట్టంలోకి రావడానికి అప్పటికింకా నాలుగు దశాబ్దాలు మిగిలి ఉంది. మనిషిని నేరంతో సమీకరించని శీర్షికలు తెలుగు కథకు అంతకుముందే ఉన్నాయి. కనుక చట్టాన్ని అనువదించేవారు, వార్తలు రాసేవారు, పాఠ్యపుస్తకాలు కూర్చేవారు పరాయి మాటకు ప్రతిపదం వెతకడంతో ఆగనక్కరలేదు. ‘కేసులో ఉన్న బాలుడు’ వంటి సామాన్యమైన తెలుగు మాట చాలు. ఆ మాటలో బాలుడు ప్రధానపదం. కేసు ముగిసిననాడు విశేషణం రాలిపోతుంది, బాలుడు మిగులుతాడు. ‘నేరస్థుడు’ అన్న పదానికి ఆ వీలు లేదు.