గూడు చూసి దారం చెప్పేవారు

పోకర్ టోర్నమెంట్‌లో గెలిచినవాడే గొప్ప ఆటగాడని చెప్పలేం. ఆ రాత్రి ముక్కలు కలిసొస్తే చాలు. అయినా పేకాటంతా అదృష్టమే కాదు: సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1960లలో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యమున్న ఆటే అంది. పడిన ముక్కలను గుర్తుంచుకుని, ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకోవాలి కనుక. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌లో గూళ్లు కొని దారం తీసే రీలర్ల పనీ అలా తేల్చుకోవడమే. పెనుకొండ వైపు రైతు తెచ్చిన లాట్‌లో చేయి పెట్టి, గూడు నొక్కి, చెవి దగ్గర ఊపి చూస్తారు. పలచనివి, మచ్చపడ్డవి, జంట గూళ్లు ఎన్నున్నాయో అంచనా కట్టి ధర చెబుతారు. లోపలి దారం సంగతి తేలేది మాత్రం ఉడికించి తీశాకే.

కాబట్టి ఒక్క లాట్‌లో వచ్చిన లాభం పనితనానికి సాక్ష్యం కాదు. పెట్టుబడి ఉన్నవాడు నష్టాలను తట్టుకుని నిలబడతాడు, అందులో నైపుణ్యమేముందని అడగొచ్చు. నిజమే, అందుకే చూడాల్సింది లాభం కాదు, కిలో దారానికి ఎన్ని కిలోల గూళ్లు పట్టాయన్నది. మంచి బైవోల్టిన్ రకం గూళ్లయితే 6–7 కిలోలు చాలు, నాసిరకమైతే ఇంకా కావాలి. దారం తీసే యంత్రం మంచిదై ఉండొచ్చుగా అంటే, కొనేముందు కట్టిన అంచనానూ తర్వాత తూగిన దారాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఏడాది పొడవునా ఆ రెండూ దగ్గరగా ఉంటే అది అదృష్టం పని కాదు. ధర్మవరం పట్టుచీర నేతను మెచ్చుకునేవారు ఈ చూపునూ మెచ్చుకోవాలి.