జవాబుదారీ ఎవరిది? – విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్: ఒక విమర్శ

1. ప్రస్తావన:
1976లో 42వ రాజ్యాంగ సవరణ విద్యను రాష్ట్రజాబితా నుండి ఉమ్మడి జాబితాకు మార్చింది. నాటి నుండి రాష్ట్రాలకు ఎంత వెసులుబాటు ఉండాలన్నది తెగని చర్చ. 2019 నాటి విద్యాహక్కు చట్ట సవరణ కల్పించిన వెసులుబాటు ఎవరిని జవాబుదారీ చేస్తున్నదో చట్టపాఠం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. చట్టపాఠం:
2009 చట్టంలోని 16వ సెక్షన్ ఎనిమిదో తరగతి వరకు ఏ విద్యార్థినీ నిలిపివేయరాదన్నది. సవరణ 5, 8 తరగతులకు ఏటా పరీక్షను విధించింది. తప్పినవారికి అదనపు బోధన, ఫలితాలు వెలువడిన రెండు నెలల్లోగా మరో పరీక్ష ఉంటాయి. అందులోనూ తప్పితే, నిలిపివేయడానికి ప్రభుత్వం బడులను అనుమతించవచ్చు. ఈ "వచ్చు" అనే క్రియారూపంలోనే రాష్ట్రాల స్వేచ్ఛ అంతా ఇమిడి ఉంది.

3. బాధ్యత పంపకం:
చదవడం రాకుండానే పై తరగతికి చేరిన పిల్లలకు ఉత్తీర్ణత మేలు చేయదన్న వాదన తోసిపుచ్చదగినది కాదు. అయితే పర్యవసానాలను చట్టం ఎవరికి విధించిందో గమనించాలి. నేర్వని విద్యార్థికి ఏడాది నష్టం. విధి తప్పిన ఉపాధ్యాయునికి 24వ సెక్షన్ కింద క్రమశిక్షణ చర్య. ప్రమాణాలు పాటించని ప్రైవేటు బడికి 19వ సెక్షన్ కింద గుర్తింపు రద్దు. ఉపాధ్యాయ ఖాళీలు పది శాతం మించరాదని 26వ సెక్షన్ చెబుతున్నది. మించితే ప్రభుత్వానికి ఏమవుతుందో మాత్రం చెప్పదు.

4. విడవలూరు నుండి చూస్తే:
నెల్లూరు తీరంలోని విడవలూరు మండలంలో వరిపొలాలు, రొయ్యల గుంటలు, రామతీర్థం వంటి తీరగ్రామాలు పక్కపక్కనే ఉన్నాయి. నాట్ల కాలం, వేట కాలం ఒకటి కావు. ఈ తేడా తెలిసినవారు తల్లిదండ్రులే. 21వ సెక్షన్ బడి యాజమాన్య కమిటీలో మూడువంతుల స్థానాలు వారికిచ్చింది. సభ్యుల్లో సగం స్త్రీలుండాలన్నది. ఇదే జిల్లాలో 1990ల తొలినాళ్లలో అక్షరాస్యతా కేంద్రాల్లో చదువుకున్న దూబగుంట స్త్రీలు సారాపై ప్రభుత్వాన్నే నిలదీశారు. చదువుకున్నవారు పాలకులను లెక్క అడగడం ఇక్కడి అనుభవం. సవరించిన 16వ సెక్షన్లో అటువంటి కమిటీకి చోటు లేదు. ఢిల్లీ నుండి బయలుదేరిన వెసులుబాటు రాష్ట్ర రాజధానిలోనే ఆగిపోయింది.

5. ముగింపు:
నిలిపివేసే అధికారాన్ని వాడదలచిన రాష్ట్రం ముందుగా తన లెక్క చూపాలి. ఆ బడిలో ఖాళీలు పరిమితిలో ఉన్నాయని, అదనపు బోధన నిజంగా జరిగిందని కమిటీ ధ్రువీకరించాలి. అది లేనిచోట విద్యార్థిని నిలిపివేయడమంటే ప్రభుత్వం తప్పిన పరీక్షకు పిల్లవాణ్ణి శిక్షించడమే.